సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో ప్రేమ ఎపిసోడ్ తగిలితే: ఏది చూడాలి, ఏది దాటేయాలి

పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఏదైనా మొదటి సీజన్ నుంచి వరసగా చూడటం మొదలుపెట్టండి, ఎక్కడో ఒకచోట ఈ ఎపిసోడ్ తగులుతుంది. నిన్నటిదాకా రెండు గ్రహాల మధ్య రాయబారాలు నడిపిన కెప్టెన్‌కో, అంతుపట్టని జబ్బులకి మందు కనిపెట్టిన డాక్టరమ్మకో ఉన్నట్టుండి ప్రేమ పుడుతుంది. ఆ ఎదుటి మనిషిని మనం అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండం. నలభై అయిదు నిమిషాల్లో పరిచయం, ప్రేమ, వియోగం మూడూ అయిపోతాయి. తరవాతి ఎపిసోడ్‌లో ఆ పేరెత్తే నాథుడుండడు.

అలాగని ఇవన్నీ ఒకే రకంగా చెడ్డవి కావు. కొన్ని ఉత్త విసుగు. కొన్ని ఎంత ఘోరంగా ఉంటాయంటే, నలుగురు కూర్చుని చూస్తే ఆ రాత్రంతా నవ్వుకోవచ్చు. ఇంకొన్నిట్లో ప్రేమ తేలిపోయినా దాని వెనక ఆలోచన గట్టిది. అదే సీరియల్‌లో, దాదాపు అదే కథని బాగా చేసిన ఎపిసోడ్ ఇంకొకటి ఉండటం కూడా మామూలే. అందుకే వీటిని విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టి చూడటం మేలు.

నేను చెప్పేవన్నీ మొగల్రాజపురంలో మా అన్నయ్య వాళ్ల ఇంటి హాల్లో పరీక్షకి నిలబడినవి. అన్నయ్యకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. ఆయనకి నౌక ఎలా నడుస్తోంది, ఏది పాడైంది, ఎలా బాగుచేశారు అన్నదే కావాలి. ప్రేమ మొదలవగానే ఫోన్ తీస్తాడు. వదినది గుంటూరు బ్రాడీపేట. ఏళ్ల తరబడి తెలుగు సీరియళ్లు చూసి రాటుదేలిన మనిషి, కథలో అతుకు ఎక్కడుందో ఇట్టే పట్టేస్తుంది. వాళ్లబ్బాయి కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడికి రెండు నిమిషాలు బోరు కొడితే చాలు, లేచిపోతాడు. ఈ ముగ్గురినీ కుర్చీలో కూర్చోబెట్టిన ఎపిసోడ్ ఎవరినైనా కూర్చోబెడుతుంది.

కథలు విప్పకుండా పోలిక కుదరదు కాబట్టి ముగింపులు కూడా చెప్పేస్తున్నాను. ఒక్క దాని విషయంలో మాత్రం నోరు కట్టుకున్నాను. అది చివర్లో వస్తుంది.

ఎందుకు తేలిపోతాయి

ఒక అంతరిక్ష నౌక సిబ్బంది కథలు చెప్పే ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు నడిచింది, మొత్తం 178 ఎపిసోడ్లు. అంటే ఏడాదికి ఇంచుమించు ఇరవై ఆరు కథలు రాయాలి. పైగా ప్రేక్షకుడు ఏ వారం టీవీ పెట్టినా అర్థమవ్వాలి కాబట్టి, ఎపిసోడ్ ముగిసేసరికి అందరూ మళ్లీ ఎవరి చోట వాళ్లు ఉండాలి. ఇక ప్రేమించిన మనిషికి మిగిలే దారులు మూడే: చచ్చిపోవడం, ఊరు వదిలి వెళ్లిపోవడం, మర్చిపోవడం. ప్రేక్షకుడికి ఇది రెండు సీజన్లలో తెలిసిపోతుంది. తెలిశాక టెన్షన్ ఎక్కడిది?

మన డైలీ సీరియళ్లకి సరిగ్గా ఉల్టా రోగం. అక్కడ ఇద్దరి చూపులు కలవడానికే వారం పడుతుంది, నిశ్చితార్థం ఆగిపోవడానికి మూడు నెలలు. ఇక్కడ తీరిక లేదు. తీరిక లేనప్పుడు రచయిత దొంగదారి వెతుక్కుంటాడు: మంత్రించినట్టు ప్రేమలో పడేసే గ్రహాంతరవాసి, కలలోకి వచ్చే ఆకారం, కంప్యూటర్ తయారుచేసిన మనిషి. ఆ దొంగదారినే రాచబాట చేసుకున్నవాళ్లు మంచి ఎపిసోడ్ తీశారు. మిగతావాళ్లు ఎక్కడికీ చేరలేదు.

ఏది ఏ రకమో తేల్చడానికి నేను వేసే ప్రశ్నలు రెండు. ఈ కథలోంచి ప్రేమని తీసేస్తే ఏమన్నా మిగులుతుందా? సైన్స్‌ని తీసేస్తే ఆ ప్రేమ ఇంకా నడుస్తుందా? రెండు చోట్లా కథ కూలిపోతే అది అసలు సరుకు. ఏ ఒక్కటి తీసినా రెండోది హాయిగా నిలబడితే, ప్రేమో సైన్సో ఆటలో అరటిపండు అన్నమాట. వదిన ప్రశ్న ఇంకా సూటిది: “వాళ్లిద్దరూ కలిసి ఒక్క పనైనా చేస్తుండగా చూపించారా?” చూపులు, నిట్టూర్పులు, కొవ్వొత్తుల వెలుగు లెక్కలోకి రావు. పని.

‘సబ్ రోజా’, ‘లెసన్స్’

నెక్స్ట్ జనరేషన్ ఏడో సీజన్‌లో, 1994 జనవరి నెలాఖరున వచ్చిన ‘సబ్ రోజా’కి ఈ జాతిలో పెద్దపీట వేయాల్సిందే. డాక్టర్ బెవర్లీ క్రషర్ వాళ్ల బామ్మ చనిపోతుంది. అంత్యక్రియలు స్కాట్లాండ్ నమూనాలో కట్టుకున్న ఒక గ్రహం మీద. బామ్మ డైరీ తీసి చూస్తే, నూరేళ్ల వయసులో ఆవిడకి ముప్ఫై నాలుగేళ్ల ప్రియుడు ఉన్నాడని తెలుస్తుంది. పేరు రోనిన్. ఆ రాత్రి అతను మనవరాలి దగ్గరికి కూడా వస్తాడు, మనిషిగా కాదు, పొగమంచులా. అతని ప్రాణం వాళ్ల వంశంలో తల్లి నుంచి కూతురికి వచ్చే ఒక కొవ్వొత్తిలో ఉంటుంది. మర్రిచెట్టు తొర్రలో చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ విన్న మనకి ఇదేం కొత్త కాదు, కాకపోతే ఇక్కడ ఆ మాంత్రికుడే హీరో వేషం కట్టాడు.

డాక్టరమ్మ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఏ ఆపదలోనూ బెదరని మనిషి, కొవ్వొత్తి పట్టుకుని బామ్మ ఇంట్లో ఉండిపోతానంటుంది. నౌక కంట్రోల్ రూమ్‌లోకి పొగమంచు కమ్ముకుంటుంది. చివర్లో పాతిపెట్టిన బామ్మ శవాన్ని బయటికి తీస్తే, అది లేచి కూర్చుని ఇద్దరు ఆఫీసర్లకి షాక్ కొట్టి పడేస్తుంది. శవం లేవగానే మా అన్నయ్య ఫోన్ పక్కన పెట్టాడు. ఆ ఎపిసోడ్ సాధించిన ఘనత అదొక్కటే అని నేనంటాను, ఆయన ఒప్పుకోడు.

రెండు ప్రశ్నలూ వేసి చూడండి. సైన్స్ తీసేస్తే కథకి చీమ కుట్టినట్టయినా ఉండదు: పాడుబడ్డ బంగళా, దయ్యం ప్రియుడు, మనసు విరిగిన నర్సమ్మ అని రాసుకోవచ్చు. ఆ ఆకారానికి పెట్టిన శాస్త్రీయమైన పేరు చివరి పది నిమిషాల్లో అంటించిన లేబుల్. ఇక వాళ్లిద్దరూ కలిసి చేసిన పని ఏమీ లేదు. ఆయన మాట్లాడతాడు, ఆవిడ కళ్లు మూసుకుంటుంది.

దీనికి పక్కన పెట్టాల్సింది ముందు సీజన్‌లోనే, 1993లో వచ్చిన ‘లెసన్స్’. కెప్టెన్ పికార్డ్‌కి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త నెల్లా డేరన్‌తో స్నేహం కుదురుతుంది. ఆవిడ పియానో వాయిస్తుంది, ఆయన పిల్లనగ్రోవి లాంటి ఒక చిన్న వాద్యం. నౌక గోడల వెనక మనిషి పాకి వెళ్లాల్సిన ఇరుకు సొరంగాలుంటాయి. ఆ సొరంగాలు కలిసే ఒక చోట శబ్దం బాగా పలుకుతుందని ఆవిడ కెప్టెన్‌ని అక్కడికి తీసుకెళ్లి, చాపలా చుట్టి పెట్టుకునే కీబోర్డ్ పరిచి, ఇద్దరూ కలిసి వాయిస్తారు. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లే కెప్టెన్‌ని చూడటమే ఒక ముచ్చట. ఆ స్వరాలు సొరంగాల్లోంచి నౌకలో వేరే చోట్ల కూడా వినబడతాయి. ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో అంతకన్నా మాటల్లో చెప్పనక్కర్లేదు.

తరవాత చిక్కు వస్తుంది. ఆవిడ ఆయన కింద పనిచేసే మనిషి. ఒక గ్రహం మీద మంటల తుఫాను వస్తే ప్రమాదకరమైన చోటికి ఆవిడ బృందాన్ని పంపాల్సింది ఆయనే. పంపుతాడు. చనిపోయిందనుకుంటాడు. బతికే వస్తుంది, కానీ ఇంకోసారి ఆ ఆర్డర్ ఇవ్వగలనా అని ఆయనకి, ఇస్తే ఎలా అని ఆవిడకి అనుమానం పట్టుకుంటుంది. ఆవిడే వేరే నౌకకి బదిలీ అడుగుతుంది. ఇక్కడ కూడా మనిషి వెళ్లిపోవడమే ముగింపు, కానీ ఆ వెళ్లడానికి కారణం వాళ్ల ఉద్యోగంలోనే ఉంది. వదిన తీర్పు: “భార్యాభర్తలు ఒకే ఆఫీసులో చేస్తే ఇంతేనయ్యా.”

ఒక ముందు జాగ్రత్త: ‘లెసన్స్’ చూసేముందు అయిదో సీజన్‌లోని ‘ది ఇన్నర్ లైట్’ తప్పకుండా చూడాలి. పికార్డ్ చేతిలో ఆ వాద్యం ఎక్కడిదో, దాన్ని ఎవరికీ ఎందుకు వినిపించడో అందులో ఉంది.

‘రెక్వియం ఫర్ మెతూసెలా’, ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’

ఈ రెండూ 1966–69 నాటి మొదటి స్టార్ ట్రెక్‌లోవి. రెంటిలోనూ ప్రేమలో పడేది కెప్టెన్ కిర్కే, నటుడూ ఒకడే. అంత తేడా ఎలా వచ్చిందా అనిపిస్తుంది.

‘రెక్వియం’ 1969 ఫిబ్రవరి 14న ప్రసారమైంది. ప్రేమికుల రోజని కావాలని వేశారో లేదో గానీ, వేసింది మాత్రం ఇది. నౌకలో అందరికీ ప్రాణాంతకమైన జ్వరం, మందు తయారుచేయడానికి కావలసిన ఖనిజం కోసం కిర్క్ ఒక గ్రహం మీద దిగుతాడు. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. అక్కడ ఫ్లింట్ అనే పెద్దాయన, ఆయన దగ్గర రేనా అనే అమ్మాయి. కిర్క్ ఆ అమ్మాయితో బిలియర్డ్స్ ఆడతాడు, డాన్స్ చేస్తాడు, పైన తన మనుషులు చచ్చిపోతుంటే ఇక్కడ ఆ ఫ్లింట్‌తో కొట్లాటకి దిగుతాడు. తీరా చూస్తే ఆ అమ్మాయి మనిషి కాదు, యంత్రం. ఇద్దరి ప్రేమ మధ్య నలిగి ఆగిపోతుంది. ఆఖర్న కిర్క్ సహచర ఆఫీసర్ స్పాక్ వచ్చి కిర్క్ మనసులోంచి ఆ జ్ఞాపకాన్నే తుడిచేస్తాడు. ఇందాక చెప్పిన మూడు దారుల్లో రెండు ఒకే ఎపిసోడ్‌లో వాడేశారు.

ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఫ్లింట్ ఆరు వేల ఏళ్లుగా బతుకుతున్న మనిషి, చరిత్రలో లియొనార్డో డావించీ కూడా తనేనంటాడు. అంతకాలం బతికినవాడు చావు లేని తోడు కోసం యంత్రాన్ని తయారుచేసుకున్నాడన్నది గొప్ప ఆలోచన. ఆ ప్రేమకథ ఫ్లింట్‌ది. కిర్క్ మధ్యలో దూరి దాన్ని పాడుచేశాడు.

1967 ఏప్రిల్ 6న వచ్చిన ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’లో కిర్క్, స్పాక్ ఇద్దరూ కాలంలో వెనక్కి, 1930ల నాటి న్యూయార్క్‌కి వెళ్తారు. పేదలకి సూపు పోసే ఆశ్రమం నడిపే ఈడిత్ కీలర్ దగ్గర పనికి కుదురుతారు. చూడండి, కలిసి చేసే పని వచ్చేసింది. నేల ఊడుస్తారు, అద్దె గదిలో ఉంటారు, ఆవిడ భవిష్యత్తు గురించి చెప్పే కలలు వింటారు. ఆ తరవాత స్పాక్ కనిపెడతాడు: ఆవిడ బతికితే శాంతి ఉద్యమం నడిపి, అమెరికా యుద్ధంలోకి దిగడాన్ని ఆలస్యం చేస్తుంది, హిట్లర్ గెలుస్తాడు. చరిత్ర సరిగ్గా ఉండాలంటే ఆవిడ రోడ్డు ప్రమాదంలో చనిపోవాలి. కిర్క్ రక్షించగలడు, కానీ రక్షించకూడదు. ఆగిపోతాడు. దీనికి 1968లో, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

కాలప్రయాణం తీసేస్తే ఈ కథ లేదు, ప్రేమ తీసేస్తే బాధ లేదు. యాభై నిమిషాల్లో ఇంత చేయొచ్చని తెలిశాక ‘టైము సరిపోలేదు’ అన్న సాకు ఇక చెల్లదు. ‘రెక్వియం’ పూర్తిగా దాటేయండి. ఫ్లింట్ కోసం చూస్తానంటే మీ ఇష్టం.

యంత్రంతో ప్రేమ: ‘ఫెయిర్ హేవెన్’, ‘గెలాక్సీస్ చైల్డ్’, ‘ఇన్ థియరీ’

ఈ మూడింటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇవాళ ఫోన్‌లో చాట్‌బాట్‌తో మాట్లాడుకునే కాలంలో, పాతిక ముప్ఫై ఏళ్ల నాటి ఈ ఎపిసోడ్లకి కొత్తగా పదునొచ్చింది.

స్టార్ ట్రెక్ వరసలోనే ఇంకో సీరియల్ ‘వాయేజర్’. అందులో ఆ పేరుగల నౌక ఇంటికి డెబ్భై వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయింది, తిరిగి రావడానికి డెబ్భై అయిదేళ్లు పడుతుంది. కెప్టెన్ జేన్‌వేకి ఒంటరితనం, కింద పనిచేసేవాళ్లతో ప్రేమ కుదరదు. 2000 జనవరిలో వచ్చిన ‘ఫెయిర్ హేవెన్’లో, కంప్యూటర్ సృష్టించిన ఐర్లండ్ పల్లెటూళ్లో బారు నడిపే మైకేల్ సలివన్ ఆవిడకి నచ్చుతాడు. నిజం మనిషి కాదు, కాంతితో కట్టిన బొమ్మ. నచ్చాడు గానీ పూర్తిగా కాదు. అందుకని కంప్యూటర్ ముందు నిలబడి సవరణలు మొదలుపెడుతుంది: చదువు పెంచు, కుతూహలం పెంచు, ఎత్తు మూడు సెంటీమీటర్లు పెంచు. వెళ్లబోతూ ఆగి ఇంకొకటి చెబుతుంది: ఆ భార్యని తీసెయ్.

వదిన టీవీ ఆపించింది. “పెళ్లాన్ని డిలీట్ కొట్టేసిందా?” అంది. కొట్టేసింది. “మన సీరియల్లో విలన్ కూడా విషం పెట్టడానికి పది ఎపిసోడ్లు ఆలోచిస్తుందే!”

సమస్య ఆ సన్నివేశంలో లేదు, నిజానికి అదే ఇందులో బెస్ట్ సీన్. దాని తరవాత కథ ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకోవాల్సింది: మన ఇష్టానికి మలుచుకున్న మనిషిని ప్రేమించడమంటే ఏమిటి? పట్టుకోకుండా పల్లెటూరి ముచ్చట్లలో పడిపోతుంది. చివర్లో మాత్రం, అతన్ని ఇకమీదట మార్చే అధికారం తనకే లేకుండా జేన్‌వే తాళం వేయించుకుంటుంది. ఆ ఒక్క నిమిషంలో ఉన్న బరువు మిగతా ఎపిసోడ్‌లో లేదు. దీనికి కొనసాగింపు ‘స్పిరిట్ ఫోక్’లో ఒక అమ్మాయి ముద్దు పెట్టుకోబోయే క్షణంలో ఆవుగా మారిపోతుంది. అది దాటేయండి, ఆవు కోసం చూసేవాళ్లని ఆపను.

నెక్స్ట్ జనరేషన్‌లోని ‘గెలాక్సీస్ చైల్డ్’ 1991లో వచ్చింది, కానీ దాని మొదలు 1989 నాటి ‘బూబీ ట్రాప్’లో ఉంది. ఇంజినీర్ జార్డీ నౌకని ఆపద నుంచి తప్పించడానికి, ఆ ఇంజన్లని డిజైన్ చేసిన లియా బ్రామ్స్ అనే శాస్త్రవేత్త రూపాన్ని కంప్యూటర్‌లో తయారుచేసుకుని, ఆవిడతో కలిసి పనిచేసి, మనసు పారేసుకుంటాడు. ఏడాదిన్నర తరవాత అసలు లియా బ్రామ్స్ నౌకకి వస్తుంది. మొహం చేటంత చేసుకుని ఎదురెళితే, ఆవిడ కోపిష్టి. పైగా పెళ్లయింది. అన్నిటికన్నా ఘోరం, తన బొమ్మతో ఇతను నడిపిన ముచ్చట ఆవిడ కంటపడుతుంది.

ఆవిడ మండిపడే సన్నివేశం చాలా బాగుంటుంది. తన మొహం, తన గొంతు, తన తెలివి తనని అడక్కుండా ఎవడో వాడుకున్నాడన్న కోపం. డీప్‌ఫేక్‌లు చూస్తున్న మనకి అది 1991 నాటి మాటలా అనిపించదు. కాకపోతే ఎపిసోడ్ అక్కడ నిలబడకుండా, జార్డీ మంచివాడేలే అన్నట్టు నవ్వులతో ముగించేస్తుంది. ప్రేమకథగా బలహీనం, మాట్లాడుకోవడానికి మాత్రం దిట్టం. కాలేజీ పిల్లలు ఇంట్లో ఉంటే ఇది పెట్టండి. మా వాడు లేచి వెళ్లకుండా చూసి, “బాబాయ్, కంప్లయింట్ ఇవ్వాల్సిన కేసిది” అన్నాడు.

‘ఇన్ థియరీ’ కూడా 1991దే. పికార్డ్ వేషం వేసే పాట్రిక్ స్టూవర్ట్ మొదటిసారి దర్శకత్వం చేసిన ఎపిసోడ్. డేటా అనే ఆఫీసర్ మనిషి ఆకారంలో ఉన్న యంత్రం, భావాలు లేవు. అప్పుడే ఒక ప్రేమ విరిగి బాధలో ఉన్న జెన్నా అతన్ని ఇష్టపడుతుంది. డేటా ఏం చేయాలో తెలియక నౌకలో ఒక్కొక్కరినీ సలహా అడుగుతూ తిరుగుతాడు. ఆడవాళ్లని అర్థం చేసుకోవడం గురించి తన దగ్గర ఏదైనా సలహా ఉంటే తప్పక చెబుతానని, దొరికినప్పుడు కబురు పెడతానని పికార్డ్ అంటాడు.

అసలు సన్నివేశం ముద్దు. ముద్దయ్యాక జెన్నా, ఇప్పుడు ఏం ఆలోచిస్తున్నావని అడుగుతుంది. ప్రేమికుడు ఎవడైనా ఇక్కడ అబద్ధం చెప్తాడు. డేటాకి అబద్ధం తెలియదు. ఇంజను లెక్కలు సరిచేస్తున్నాను, డికెన్స్ రచనలన్నీ విశ్లేషిస్తున్నాను, నీ పెదవులకి నొప్పి కలగకుండా ఎంత ఒత్తిడి పెట్టొచ్చో లెక్కేస్తున్నాను, నా పిల్లికి కొత్త తిండి గురించి ఆలోచిస్తున్నాను అని వరసగా చెప్తాడు. ఆవిడ మొహం చూడండి. నవ్వుతుంది, ఆ లిస్టులో తనూ ఉన్నందుకు సంతోషమంటుంది. ఆ నవ్వు వెనక అప్పటికే ఏదో తెగింది.

చివరికి జెన్నాకి తెలిసొస్తుంది: భావాలు చూపించని ఒకడిని వదిలి, భావాలే లేని ఇంకొకడి దగ్గరికి వచ్చానని. విడిపోదామంటుంది. అయితే సంబంధిత ప్రోగ్రామ్ తొలగిస్తానని డేటా మర్యాదగా చెబుతాడు. అతనికి బాధ లేదు. బాధంతా మనకే.

నౌక చీకటి పదార్థపు గుంటల్లో పడే ఉపకథ ఒకటుంది, అన్నయ్య కోసం రాసినట్టే ఉంటుంది. మిగతావాళ్లు ఓపిక పట్టాలి. మూడింట్లో ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడండి. ఇలాంటి కథ ఇంకా చేదుగా కావాలంటే ‘బ్లాక్ మిర్రర్’లో 2013 నాటి ‘బి రైట్ బ్యాక్’ ఉంది: చనిపోయిన ప్రియుడు రాసిన మెసేజ్‌ల నుంచి అతన్ని మళ్లీ తయారుచేసుకునే అమ్మాయి కథ. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి.

గబగబా మరికొన్ని

స్టార్ ట్రెక్ వరసలోదే అయిన ‘డీప్ స్పేస్ నైన్’లో ‘మెరిడియన్’: అరవై ఏళ్లకోసారి మాత్రమే మన లోకంలో కనబడే గ్రహం, అక్కడి మనిషి కోసం డాక్స్ అనే ఆఫీసరమ్మ స్నేహితుల్ని, ఉద్యోగాన్ని వదిలి వెళ్లిపోవాలనుకుంటుంది. ఆలోచన బంగారం. ఆ మనిషిలో ఏం చూసి అన్నదే తెలియదు. దీనికీ ‘సబ్ రోజా’కీ దర్శకుడు ఒకడే, నెక్స్ట్ జనరేషన్‌లో రైకర్ వేషం వేసిన జోనథన్ ఫ్రేక్స్. తప్పు ఆయనది కాదులెండి, కాగితం మీదే ఏమీ లేదు. కాలం తేడా వల్ల పుట్టే ప్రేమ చూడాలంటే ‘డాక్టర్ హూ’లో 2006 నాటి ‘ది గర్ల్ ఇన్ ది ఫైర్‌ప్లేస్’ చూడండి. డాక్టర్ అనే కాలప్రయాణికుడికి నిమిషాలు గడిస్తే, అతను మనసు పడ్డ ఆవిడకి ఏళ్లు గడుస్తుంటాయి. డాక్టర్ తన వెంట వచ్చిన రోజ్‌ని అంత తేలిగ్గా వదిలేసి అద్దంలోంచి దూకెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, కానీ ఎపిసోడ్ గట్టిది.

‘లెట్ హీ హూ ఈజ్ వితౌట్ సిన్’, 1996, ఇదీ డీప్ స్పేస్ నైన్‌దే: వార్ఫ్ అనే ఆఫీసర్ తన ప్రియురాలితో సరదాగా విహారానికి వెళ్లి, అక్కడి సుఖాలు నచ్చక, మడి కట్టుకున్న ఒక ముఠాతో కలిసి ఆ గ్రహం వాతావరణాన్నే చెడగొడతాడు. సెలవులకి తీసుకెళ్లి కూడా మొహం మాడ్చుకుని కూర్చునే మొగుడు మీకు తెలిసినవాడైతే నవ్వుకోండి. లేకపోతే వదిలేయండి.

‘ఆక్వీల్’లో జార్డీకి మళ్లీ ప్రేమ, పక్కన హత్య కేసు. చంపింది కుక్క. ప్రేమ తీసేసినా కేసు నడుస్తుంది, అంటే మొదటి ప్రశ్నలోనే ఫెయిల్. ‘ఎక్స్-ఫైల్స్’లో ‘3’ కూడా ఇంతే: తోటి ఏజెంట్ స్కల్లీ లేని సమయంలో మల్డర్‌కి ఒక రక్తపిశాచి ముఠా చుట్టూ తిరిగే అమ్మాయితో ఒక రాత్రి. స్కల్లీ కోసం కుమిలిపోతున్న మనిషికి ఇదేం బుద్ధి అనిపిస్తుంది. ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’లో ‘బ్లాక్ మార్కెట్’ దాటేయండి. ఆ సీరియల్ నడిపిన రొనాల్డ్ మూరే అది బాగా రాలేదన్నాడు, ఇంక మనమెందుకు వెనకేసుకురావడం.

ఎవరితో చూస్తున్నారు

సైన్స్ ఫిక్షన్ అంటే మొహం తిప్పుకునే భార్యకో అక్కకో మొదటిసారి చూపిస్తుంటే ‘ది ఇన్నర్ లైట్’ పెట్టండి. దాన్ని ఎవరూ ప్రేమ ఎపిసోడ్ అనరు, అందుకే అది పనిచేస్తుంది. పికార్డ్ స్పృహ తప్పిన ఇరవై అయిదు నిమిషాల్లో వేరే గ్రహం మీద వేరే మనిషిగా ఒక జీవితమంతా గడిపేస్తాడు. భార్య ఈలీన్, పిల్లలు, మనవడు. మొదట్లో బూట్లు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తాడని ఆవిడ సణుగుతుంది. ముసలితనంలో చివరి ఊపిరి తీస్తూ కూడా, బూట్లు సరిగ్గా పెట్టమని గుర్తుచేస్తుంది. వదిన ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర పడున్న అన్నయ్య చెప్పుల వైపు ఒకసారి చూసింది. 1993లో హ్యూగో అందుకున్న ఎపిసోడ్ ఇది. మిగతా సీరియల్ ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది.

హాస్టల్ కుర్రాళ్లు, పునుగుల పొట్లాలు, శనివారం రాత్రి అయితే ‘సబ్ రోజా’, వెంటనే ‘ఫెయిర్ హేవెన్’. ఇవి ఒంటరిగా చూడకూడదు, ఒంటరిగా చూస్తే నిద్రొస్తుంది.

భార్యాభర్తలిద్దరే చూసేటట్టయితే ‘బ్లాక్ మిర్రర్’లోని ‘సాన్ జునిపెరో’, 2016. టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డులు రెండు వచ్చాయి. ఇద్దరు అమ్మాయిల మధ్య ప్రేమ అని మాత్రం చెప్పి ఊరుకుంటాను, దాని గురించే ముందు నోరు కట్టుకుంది. ట్రైలర్ కూడా చూడకుండా పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు బ్లాక్ మిర్రర్ ఏ ఎపిసోడైనా ముందు మీరొక్కరే చూసి, తరవాత నిర్ణయించుకోవడం మంచిది. ‘సిటీ’, ‘లెసన్స్’, ‘ఇన్ థియరీ’ మూడూ ఎవరి ముందైనా పెట్టొచ్చు. ఈ పాత సీరియళ్లు ఓటీటీల్లో తరచూ చేతులు మారుతుంటాయి కాబట్టి, చందా కట్టేముందు ఆ యాప్‌లో సీరియల్ పేరు వెతికి, అన్ని సీజన్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. తెలుగు డబ్బింగ్ మీద ఆశ పెట్టుకోకుండా సబ్‌టైటిల్స్‌కి సిద్ధపడండి.

‘లాస్ట్’ నాలుగో సీజన్‌లోని ‘ది కాన్‌స్టంట్’ గురించి గొప్పగా విని ఉంటారు. ఒక మనిషి స్పృహ 1996కీ 2004కీ మధ్య ఊగిసలాడుతుంటే, అతన్ని నిలబెట్టేది ఒక్క ఫోన్ కాల్. విన్నదంతా నిజమే, కానీ దాన్ని విడిగా చూడకండి. కనీసం రెండో సీజన్ చివరిదాకా చూసి, డెస్మండ్ ఎవరో పెనీ ఎవరో తెలిశాకే ఆ ఫోన్ మోగాలి. అంత ఓపిక లేకపోతే దాని బదులు ‘స్టార్‌గేట్ ఎస్‌జి-1’లో 2000 నాటి ‘విండో ఆఫ్ ఆపర్చునిటీ’ పెట్టుకోండి. ఒకే రోజు మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఆ రోజు ఏం చేసినా రేపటికి ఎవరికీ గుర్తుండదని తెలిసిన కర్నల్, తన కింద పనిచేసే కార్టర్‌ని ముద్దు పెట్టుకోవడానికి ముందు పద్ధతిగా రాజీనామా కాగితం ఇస్తాడు. ప్రేమ ఉన్నది కొన్ని సెకన్లే. మా అన్నయ్య ఆ కొన్ని సెకన్లూ ఫోన్ తియ్యలేదు.